అట్టల మధ్య నూట పన్నెండు కాగితాలు

మా బైండింగు కొట్టుకు ఆనుకునే ఒక ప్రెస్సు ఉంది. అక్కడ ముప్ఫై ఏళ్లుగా ప్రూఫులు దిద్దే ఆవిడను అందరూ ప్రూఫులక్కయ్య అంటారు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అక్షరాలు పేర్చే పనిలో చేరి, పేర్చినవాటిలో తప్పులు పట్టే పనిలో స్థిరపడింది. పెళ్లి చేసుకోలేదు. చెల్లెల్ని చదివించి ఒక ఇంటిదాన్ని చేసింది. గోడ మీద కేలండరు చూసినా నాకు తేదీ కంటే ముందు అచ్చుతప్పే కనబడుతుంది తమ్ముడూ అని నవ్వేది.

నెలకోసారి నా దగ్గర ఒక నోటుపుస్తకం కుట్టించుకునేది. గీతలు ఉండకూడదు. విప్పి బల్ల మీద పెడితే చదునుగా పడి ఉండాలి. చేతికి ఇవ్వగానే వెన్ను మీద బొటనవేలు పోనిచ్చి చూసేది, మధ్యకు విప్పి వాసన చూసేది, గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్లిపోయేది. అలా కుట్టినవి ముప్ఫై ఏడు ఆవిడ బీరువాలో ఉన్నాయి. ఒక్కదానిలోనూ ఒక్క అక్షరం లేదు.

"చీరలు దాచుకునేవాళ్లను చూశాను గానీ తెల్లకాగితాలు దాచుకునేదానివి నువ్వొక్కదానివే వదినా. బీరువాలో పెడితే పిల్లల్ని పెడతాయా అవి?" అని మా ఆవిడ ఏడిపించేది.

"పెడితే నీకే ఇస్తాలే మరదలా, పెంచుకుందువుగాని."

ఒకరోజు నేనే అడిగాను. నా చేతి పని బీరువాలో ఊరికే పడి ఉండటం నాకు నచ్చలేదు మరి.

"భయం తమ్ముడూ," అంది. "నువ్వింత శ్రద్ధగా కుట్టిన పుస్తకంలో నా మొదటి మాటే తప్పయితే? ఖాళీగా ఉన్నంతసేపూ అందులో రాయబోయేది గొప్పగానే ఉంటుంది. రాసేవాళ్లందరికీ ఉన్న పిచ్చేలే ఇది. ఇంకో పుస్తకం కొన్నానంటే, ఇంకో కథకు సరిపడా ఆయుష్షు కొనుక్కున్నట్టు ఉంటుంది."

అంటే రాయడం లేదని కాదు. పదకొండేళ్లుగా ఒక మంత్రసాని కథ రాస్తోంది. పనికిరాని ప్రూఫు కాగితాల వెనకవైపు, పెన్సిలుతో. పారేసే కాగితం కాబట్టి చెయ్యి వణకదట. నూట పన్నెండు కాగితాలయ్యాయి. పురికొసతో కట్టి, ప్రెస్సులో తన బల్ల కింద పెట్టుకునేది. ఎప్పుడో ఒకనాడు మంచి పుస్తకాల్లోకి ఎక్కించాలని ఆవిడ ఆలోచన. రెండో ప్రతి లేదు.

మొన్న చెల్లెలికి ఆపరేషనని ఎనిమిది రోజులు వెళ్లింది. ఆ వారంలోనే ప్రెస్సుకు సున్నాలు వేయించారు. బల్లల కింద ఉన్న చిత్తుకాగితాలన్నీ ఎప్పటిలాగే మా కొట్టులో పడేశారు.

వాటితో నేనేం చేస్తానో చెప్పాలి. దళసరి అట్ట కొంటే గిట్టదు. రెండు పలచని అట్టల మధ్య నాలుగు పొరల చిత్తుకాగితం జిగురుతో అతికించి, బరువు కింద పెడితే గట్టి అట్ట అవుతుంది. ఎవరూ నేర్పలేదు, చేసి చూసి నేర్చుకున్నాను. పెన్సిలు రాత నా కంటపడింది. ప్రూఫు కాగితమన్నాక దిద్దుబాట్లు ఉంటాయి కదా అనుకున్నాను. ఇన్నేళ్లలో చిత్తుకాగితం మీద ఏముందో చదివిన పాపాన పోలేదు.

సోమవారం పొద్దున ఆవిడ గుమ్మంలో నిలబడింది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయింది.

"తమ్ముడూ, నా బల్ల కింద కట్ట..."

"ఏ కట్ట అక్కయ్యా?" అన్నాను, అర్థమైపోయి కూడా. చేతులకు జిగురు అలాగే ఉంది.

"ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఏం చేశారో చెప్పండి," అంది మా ఆవిడ.

చెప్పాను. అక్కయ్య కేకలు వేస్తే బాగుండు అనిపించింది. కాగితం బేళ్ల మీద కూలబడి, సన్నటి గొంతుతో అడిగింది.

"దేనితో అతికించావు?"

ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ఉన్న మనిషి మాత్రమే అడిగే ప్రశ్న అది. కట్ట పైనుంచి వరసగా తీసి ఇరవై ఎనిమిది అట్టలు చేశాను. మైదాపిండి అయిపోవడంతో మొదటి పదింటికి డబ్బాలో తెల్ల జిగురు వాడాను. అది ఆరితే ఇక విడదు. తక్కిన పద్దెనిమిది పిండి ఉడికించిన జిగురుతో చేసినవి. నానితే విడాలి. మూడు రోజులుగా బరువు కింద ఉన్నాయి. విడతాయని ఒట్టు పెట్టలేనన్నాను.

మా ఆవిడ బట్టల తొట్టిలో వేడినీళ్లు పోసింది. మొదటి అట్టను తొందరపడి విప్పాను. లోపలి కాగితం అడ్డంగా చిరిగింది. పెద్ద చప్పుడేం కాదు. అక్కయ్య మాత్రం కడుపులో పోటు వచ్చినదానిలా వంగిపోయింది.

"ఇంకాసేపు నాననీ," అంది, తొట్టివైపు చూడకుండా.

తర్వాత తొందరపడలేదు. మూల దగ్గర వెదురు బద్ద దూర్చి, ఊపిరి బిగబట్టి, వెంట్రుక వాసి చొప్పున జరుపుతూ ఒక్కో పొర లేపి చెక్క పలక మీద పరిచాను. పెన్సిలు రాత చెదరలేదు. కాగితమే మీగడలా జారిపోతోంది. ఒకటి దండెం మీద వేస్తే మధ్యకు తెగి నేల మీద పడింది. ఇవి ఆరేదాకా నిలవవని ముగ్గురికీ తెలిసిపోయింది. పలక మీద ఉండగానే చదివి ఎక్కించుకోవాలి.

కొత్త నోటుపుస్తకం తీసి అక్కయ్య ఒళ్లో పెట్టాను. వేడి గిన్నె తగిలినట్టు చేతులు వెనక్కి తీసుకుంది.

"ఇందులోనా? వద్దు. చిత్తుకాగితాలేవైనా ఇవ్వు."

"ఇవ్వను అక్కయ్యా. రేపు మళ్లీ నేనే అతికించేస్తాను."

మా ఆవిడ నవ్వబోయి, అక్కయ్య మొహం చూసి ఆగిపోయింది.

"మొదటి నలభై కాగితాలు ఆ పది అట్టల్లోనే పోయాయి కదూ," అంది అక్కయ్య. "మొదటి వాక్యం కోసం దారి పొడుగునా తడుముకుంటూనే వచ్చా తమ్ముడూ. రావట్లేదు. పదకొండేళ్లు నాలోనే ఉన్నది... ఇక రాకపోతే?"

మిగిలిన అట్టలు తొట్టిలో నానుతున్నాయి. ఎక్కువ నానితే అవీ ముద్దవుతాయి. ఆ మాటే చెప్పాను.

ఆవిడ పుస్తకం తెరిచింది. వేలు తడి చేసుకుని, ఒక్కటొక్కటిగా నలభై తెల్లకాగితాలు తిప్పి వదిలేసింది. నలభై ఒకటో దాని మీద పెన్సిలు ఆనించింది. కొన కాగితం మీద టకటక కొట్టుకుంటోంది. కళ్లజోడు ఆవిరికి మసకబారింది.

"నాకు కనబడట్లేదు. నువ్వు చదువు."

పలక మీది తడి కాగితం మీదకు వంగాను. గడగడా చదివే అలవాటు లేదు నాకు. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. "బయట తాళం వేసి ఉంది. తియ్యడానికి ఎవరూ లేరు. ఆమె కిటికీ చువ్వల్లోంచి చేతులు పెట్టి, లోపల నొప్పులు పడుతున్న పిల్లకు ఎలా కూర్చోవాలో చెప్పింది..."

కాగితం అంచు నా బొటనవేలి కింద విడిపోవడం మొదలైంది. ఆగిపోయాను.

"ఆగకు తమ్ముడూ," అంది ఆవిడ, రాస్తూనే. "చిరిగేలోపు చదివెయ్యి."