తమ్ముడు ఎక్కని గుట్ట

మా అమ్మకు చదువు రాదు. అందుకని తాను మొక్కిన మొక్కులన్నీ నా డైరీలో రాయించేది. డైరీ చివర నాలుగైదు ఖాళీ పేజీలు ఉంటాయి, అవి ఆమెవి. ఏ దేవుడికి, ఎవరి కోసం, ఏం మొక్కిందో నీలి సిరాతో రాసేవాణ్ణి. తీరిన రోజున పక్కన ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టేవాణ్ణి. కొత్త డైరీ వచ్చినప్పుడు తీరని మొక్కులు మాత్రం అందులోకి ఎక్కించేవాణ్ణి. బీదర్‌లో రెవెన్యూ రికార్డుల గదిలో పనిచేసిన నాకు అది పెద్ద పనేమీ కాదు.

ఆ పేజీల్లో సగానికి పైగా మల్లన్న మొక్కులే. ఆయన గుట్ట బసవకళ్యాణ్ వైపు పోయే బస్సులో గంట ప్రయాణం. దిగాక కంది చేల మధ్య రెండు మైళ్ళ నడక, ఆ తర్వాత మెట్లు. కన్నడం వాళ్ళు ఆయన్ను మైలారుడంటారు, మరాఠీ వాళ్ళు ఖండోబా అంటారు. అందరూ ఎక్కేది ఆ మెట్లే.

గుట్ట కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. మణి, మల్లుడు అని ఇద్దరు రాక్షసులు, అన్నదమ్ములు. వరగర్వంతో కొండ మీది ఋషుల ఆశ్రమాలు తగలబెట్టారు. ఋషులు మొరపెట్టుకుంటే శివుడు మల్లన్నయి, గుర్రమెక్కి, కుక్కను వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు అన్న పడ్డాడు. పడ్డాక తప్పు ఒప్పుకున్నాడు. తన తెల్ల గుర్రాన్ని దేవుడికి అప్పగించి, నీ దగ్గరే ఉండనిమ్మని వేడుకున్నాడు. అందుకే గుడి లోపల అతనికీ ఒక మూల చోటుంది, పసుపు బొట్టుంది. తమ్ముడు చివరిదాకా ఒప్పుకోలేదు. అతని తల తెగి గుట్ట కింద పడింది. మొదటి మెట్టు ఆ తలే. కళ్ళూ మీసాలూ చెక్కిన నల్లరాయి. అరికాళ్ళ రాపిడికి ముక్కు ఎప్పుడో అరిగిపోయింది. గుట్ట ఎక్కేవాళ్ళు దాన్ని తొక్కే ఎక్కాలి. దిగేటప్పుడు మాత్రం పక్కనుంచి దిగాలి.

మనం తొక్కేది రాయిని కాదు, మనలోని పొగరుని అని పూజారి చెప్పేవాడు. అమ్మ లెక్క వేరు. కింద పడి ఉన్నవాడికి కనబడేవి పాదాలే కనుక, ఎవరి పాదం పడిందో, ఎవరిది పడలేదో వాడే లోపలి దేవుడికి చెప్తాడని ఆమె నమ్మకం. అందుకే మొక్కు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళే వచ్చి నడవాలి. ఇంటి నుంచి తెచ్చిన బండారి, అంటే మల్లన్నకు చల్లే పసుపు, పూజారి చేత వాళ్ళ నొసటనే పెట్టించుకోవాలి. వేరే వాళ్ళ చేతికిచ్చి పంపితే చెల్లదు.

మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి ఇరవై రోజులు మంచం దిగనప్పుడు, లేచి తిరిగితే వాణ్ణి గుట్ట ఎక్కిస్తానని అమ్మ మొక్కింది. వాడు లేచాడు. లేచిన రెండు నెలలకే సెంట్రింగ్ మేస్త్రీల గుంపుతో హైదరాబాదు వెళ్ళిపోయాడు. మాదాపూర్ వైపు రాళ్ళగుట్టలు పగలగొట్టి అద్దాల భవనాలు లేపుతున్న ఏళ్ళవి. మా వీధిలో చేతిపని వచ్చిన మగవాళ్ళంతా అటే పోయేవారు. వాడు వస్తే రెండు రోజులకు వచ్చేవాడు, అందులో ఒక రోజంతా నిద్రపోయేవాడు. మొక్కు అలాగే ఉండిపోయింది. నేను దాన్ని నాలుగు డైరీల్లోకి ఎక్కించాను.

ఐదో ఏడు అమ్మ మా చెల్లెలి పురుడుకు వెళ్ళింది. వెళ్తూ బండారి డబ్బా నిండా పసుపు పోసి పెట్టి, ఆదివారం చిన్నోడు వస్తాడు, గుట్టకు తీసుకుపో అని నాకు అప్పజెప్పింది. వాడు శనివారం వచ్చాడు. మూడు రోజులు వరసగా స్లాబు పోసి వచ్చాడు. ఆదివారం పొద్దున రెండుసార్లు లేపాను. రెండోసారి కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"ఇయ్యాల ఒద్దే అన్నా. కాళ్ళు పట్టుకపోయినయ్. గుట్ట ఏడికన్న పోతదా?"

గాంధీ గంజ్‌లో హమాలీ పని చేసే మా పక్కింటాయన ఆ రోజే గుట్టకు బయలుదేరుతున్నాడు. కొబ్బరికాయ, బండారి ఆయన చేతికిచ్చి తమ్ముడి పేరు చెప్పమన్నాను. సాయంత్రం ఆయన ప్రసాదం తెచ్చి ఇచ్చాడు. నేను డైరీ తీసి టిక్కు పెట్టాను. చెల్లదని నాకు తెలుసు. కానీ ఆ పేజీలో తీరకుండా మిగిలింది ఆ ఒక్క వరుసే. ఐదోసారి ఎక్కించాలనిపించలేదు. ఇంతకంటే కారణం లేదు.

సోమవారం పొద్దున అమ్మ తిరిగి వచ్చేసరికి తమ్ముడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. ఎక్కినవా అని ఆమె అడిగింది. వాడు నా వైపు చూసి నవ్వాడు.

"ఎక్కిన. రాక్షసుని ముక్కు ఇంకింత అరగదీసొచ్చిన. నమ్మకుంటే అన్న డైరీ సూడు."

అమ్మ డైరీ తెప్పించుకుని ఎర్ర గుర్తు మీద వేలు పెట్టి చూసింది. నేను డైరీ మూసి లోపల పెట్టాను.

ఏడు నెలల తర్వాత ఒక మంగళవారం ఆఫీసుకు ఫోను వచ్చింది. వాడు తొమ్మిదో అంతస్తు నుంచి పడ్డాడు. ఆ రోజు డైరీలో నేను రాసింది మూడు వరుసలు. పదకొండుంపావుకు ఫోను. నాలుగింటికి ఆస్పత్రి చేరాను. తెల్ల చొక్కా వేసి ఉంది, అది వాడిది కాదు. ఆ తర్వాతి తొమ్మిది రోజుల పేజీల్లో ఏ రోజు ఏ కర్మ జరిగిందో ఉంది, ఎవరు వచ్చారో ఉంది. ఇప్పుడు చదివితే ఇంకెవరో రాసినట్టుంది.

పన్నెండో రోజు అమ్మ నన్ను కూర్చోబెట్టి తమ్ముడి పేరు మీద ఉన్న మొక్కులన్నీ చదివించుకుంది. పాత డైరీలతో సహా చదివాను. గుట్ట మొక్కు చివరిది.

"అన్ని తీర్చినం గదా పెద్దోడా?"

తీర్చామన్నాను.

"అట్లయితే మల్లన్ననే మాట తప్పిండు."

కేకలు వేయలేదు, ఏడవలేదు. మల్లన్న పటం గోడ మీంచి తీసి అటక మీద బోర్లా పెట్టించింది. నలభై ఏళ్ళు చేసిన ఆదివారం ఒక్కపొద్దు మానేసింది. ఉదయం లేవగానే దేవుడితో ఏదో ఒకటి మాట్లాడటం ఆమెకు అలవాటు. పాలు విరిగినా ఆయనతోనే చెప్పేది, మా చెల్లెలి దగ్గర నుంచి ఉత్తరం రాకపోయినా ఆయన్నే నిలదీసేది. ఆ మాటలు ఆగిపోయాయి. అడిగితే తప్ప అన్నం తినేది కాదు. కొడుకుతో పాటు దేవుడూ పోయాడు ఆమెకు. కొడుకును నేను తేలేను. దేవుణ్ణి తేగలను, ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ మాట చెప్తే, దేవుడు చేశాడని ఆమె అనుకుంటున్న తప్పు నా మీదికి వస్తుంది. ఈ సంగతి నాకు స్పష్టంగా తెలుసు. తెలిసీ ఆఫీసుకు వెళ్ళొచ్చాను, అన్నం తిన్నాను, డైరీ రాశాను. ఐదు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పప్పు వడ్డిస్తున్న నా భార్య చేయి ఆగిపోయింది. పొయ్యి పక్కన బండారి డబ్బా మూత తీసి ఉంది. వంటింట్లో పసుపు అయిపోతే అమ్మ అందులోది తీసి పప్పులో వేసింది. మల్లన్న పసుపును ఇంట్లో ఎవరూ ఎంగిలి చేతితో ముట్టరు. నా భార్య చాటుకు వెళ్ళి చెంపలేసుకుంది. అమ్మ కంచం ముందు కూర్చుని, అదీ పసుపే కదా అంది.

అప్పుడు చెప్పాను. వాడు గుట్ట ఎక్కలేదని, బండారి హమాలీ చేతికి ఇచ్చి పంపానని, టిక్కు నేనే పెట్టానని. ఆఫీసులో ఫైలు చదివినట్టు వరుసగా చెప్పాను. అమ్మ కంచంలోకే చూస్తూ కూర్చుంది. అలాగే అడిగింది.

"ఆ దినం మంచిగ నిద్రపోయిండా?"

"పొద్దెక్కేదాక పండుకున్నడు."

"లేసి ఏమన్న తిన్నడా?"

"రొట్టె తిన్నడు. మల్ల పండుకున్నడు."

ఆమె తల ఊపింది. పప్పు గిన్నె తీసుకుని లేచి వెళ్ళి, దాన్ని పెరట్లో ఎవరూ తొక్కని చోట పోసి వచ్చింది. నన్ను ఏమీ అనలేదు. ఆ రోజూ అనలేదు, తర్వాత కూడా అనలేదు.

చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాది దాకా గుట్ట ఎక్కరు. సంవత్సరీకం అయ్యాక వచ్చిన మొదటి ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది. కంది చేల మధ్య ఆమె ముందు, నేను వెనుక నడిచాం. మొదటి మెట్టు దగ్గర కాసేపు నిలబడింది. రాయి మీది ఆకులను కొంగుతో దులిపింది. తర్వాత కాలు మోపి ఎక్కింది. నేనూ మోపాను. ఎండకు రాయి కాలుతోంది. నాకు తెలిసింది అంతే.

పైన పూజారి, ఎవరి మొక్కు అని అడిగాడు.

"మా చిన్నోనిది. వాడు రాలే. అన్న వచ్చిండు."

రానివాళ్ళ మొక్కు చెల్లదమ్మా, నడవాల్సినవాడు నడవాలి కదా అన్నాడాయన. ఆ సంగతి నాకు ఎరుకే, నేను మొక్కు తీర్చేందుకు రాలేదు, ఆయన్ను ఊరికే నిందించిన, అది చెప్పుకునేందుకు వచ్చిన అంది అమ్మ. పూజారి పక్కకు జరిగాడు. ఆమె గర్భగుడి గడప దగ్గర కూర్చుని దేవుడితో మాట్లాడటం మొదలుపెట్టింది. బయట గోడకు ఆనుకుని నేను విన్నాను. మాటలు అందలేదు. ఒకసారి తిడుతున్నట్టు, ఒకసారి బుజ్జగిస్తున్నట్టు, మధ్యలో ముక్కు చీదుతూ, గంటసేపు. ఏడాదిగా మా ఇంట్లో వినబడని గొంతు అది.

బయటికి వచ్చి, ఆకలైతుంది అంది. తానుగా ఆ మాట అనడం వాడు పోయాక అదే మొదలు. అరుగు మీద మూట విప్పి జొన్నరొట్టెల మీద వెల్లుల్లి కారం వేసింది. నాకు రెండు పెట్టింది, తాను రెండు తీసుకుంది. కడుపు నిండా తింది. నీళ్ళు కావాలా అని కూడా అడిగింది, గుట్ట కింది చేలను చూస్తూ. నా ముఖం వైపు మాత్రం చూడలేదు. వద్దన్నాను.