మేస్త్రీ దుర్భిణి

ఎర్రగుంట్ల దగ్గర రాతిగనిలో నేనూ నా మొగుడూ కూలి చేసిన రోజుల్లో, మందు పేల్చే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. యుద్ధం నుంచి వచ్చిన మనిషి. ఏడాది జీతం పోసి దుర్భిణి కొనుక్కున్నాడు. వత్తి అంటించే ముందు దానితో గుట్టంతా రెండుసార్లు చూసేవాడు.

"ఆ దుడ్లకు ఎద్దుల జత వచ్చేది గదప్పా," అని కంట్రాక్టరు ఎగతాళి చేశాడు ఒకనాడు.

"యాది రాయో, యాది మనిషో సందెపూట ఎద్దులు చెప్తాయా?" అన్నాడు మేస్త్రీ. "రెండు గొట్టాలూ వెంట్రుకంత తేడా లేకుండా ఒకే చోటికి చూడాల. మసకలో ఉండే కాస్త వెలుతురూ అద్దాల్లో వృథాగా పోకుండా కంటికి చేరాల. అట్ల అద్దం అరగదీసే పనికే అంత ఖరీదు."

ఆ సాయంత్రం మందు దట్టించాక అందరూ గుట్ట దిగారు, నా మొగుడు తప్ప. కంట్రాక్టరు తన చవక దుర్భిణితో చూసి, "ఎవరూ లేరు. ఇంటికి పోయింటాడు, అంటించు," అన్నాడు. మేస్త్రీ రెండోసారి చూస్తూ ఆగిపోయాడు.

"ఆ బండ కింద తలగుడ్డ ఉండాది. కదులుతాండాది."

అగ్గిపెట్టె పక్కన పెట్టి కేకేశాడు. జ్వరంతో పడుకున్న నా మొగుడు కండ్లు నులుముకుంటూ దిగొచ్చి, "పని అయిపోయిందా అప్పా?" అన్నాడు.

"అయిపోయింది. ఇంటికి పో," అన్నాడు మేస్త్రీ.

ఆ తర్వాత నా మొగుడు తొమ్మిదేండ్లు బతికాడు.