బొబ్బిలి యుద్ధానికి నా క్షమాపణ

విజయనగరం నుంచి బొబ్బిలికి కోడలిగా వచ్చి ఆరు నెలలైనా, పెద్దవాళ్ళ ముందు నాకు మాట పెగలదు. ఈ రోజు మా మావగారి అన్నయ్య భోజనానికి వచ్చారు. పప్పు వడ్డిస్తుంటే నా వైపు చూశారు.

“ఏటమ్మా, మీ ఇజీనగరమోళ్ళు మా కోటని బూడిద సేసీసి, ఇప్పుడు పప్పెడతన్నారా?”

పెళ్ళికి వచ్చినప్పుడు మా బాబాయి చుట్ట కాల్చి ఎక్కడో పడేశాడనుకున్నాను.

“తప్పయిపోనాది పెద్దమావయ్యా. మా నాన్నకి సెప్తాను,” అన్నాను.

అందరూ పడీ పడీ నవ్వారు. “అది బొబ్బిలి యుద్ధం వదినా,” అంది మా ఆడపడుచు.

కుళాయి దగ్గర తగువైనా మా వీధిలో బొబ్బిలి యుద్ధమనే అంటాం. ఆ యుద్ధానికి వెళ్ళింది మా ఊరేనని నాకెవరూ చెప్పలేదు. నా చదువు ఐదో తరగతిలోనే ఆగిపోయింది.

భోజనమయ్యాక పెద్దమావయ్య నన్ను కూర్చోబెట్టి, ఆ రోజు కోటలో ఆడవాళ్ళూ పిల్లలూ ఏమయ్యారో చెప్పారు. మిగతావాళ్ళు తెలిసిన కథేనని ఫోన్లు చూసుకున్నారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

“కొత్త కోడల్ని ఏడిపించీసినారేటి బావగారూ,” అని మా అత్తగారు కోప్పడ్డారు.

“ఏడవనీ. మనింట్లో ఈ కథకి ఏడిసినోళ్ళు ఈ మజ్జిన ఎవులున్నారు?” అన్నారాయన.

మీ పుట్టిల్లు కూడా మీ అత్తవారి ఊరి మీద యుద్ధానికి వెళ్ళి ఉంటే కింద చెప్పండి. నాకు తోడు దొరుకుతుంది.