కుక్కర్ పెట్టని పూట

నార్సింగి ఫ్లాట్‌లో కుక్కర్ ఆవిరి పట్టే వేళకి మన చిన్ననాటి క్వార్టర్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. శిక్షణ విమానం కూలిపోయిందట. నడిపింది మన రఘు, వాళ్ల నాన్నలాగే పైలట్ అయిన మా పక్కింటి రఘు. ఏడుపు రాలేదు. నా చెయ్యి మాత్రం దానంతటదే స్టవ్ కట్టేసింది.

మీకు గుర్తుందా? ఎయిర్‌ఫోర్స్ క్వార్టర్స్‌లో నాన్నల విమానాలు ఆలస్యమైతే మన లైనులో ఎవరూ కుక్కర్ పెట్టేవారు కాదు. విజిల్ గోలలో ఇంజను చప్పుడు వినబడదని. అమ్మలందరూ తడి చేతులతో గుమ్మాల్లో నిలబడేవారు. చప్పుడు వినగానే స్టవ్‌లన్నీ వెలిగేవి, లైనంతా విజిళ్లు, పప్పు వాసన.

రఘు వాళ్ల నాన్న రాని రోజు ఏ ఇంట్లోనూ విజిల్ మోగలేదు. ఎయిర్‌ఫోర్స్ జీపు ఒకటి వచ్చి వాళ్ల గుమ్మం ముందు ఆగింది.

"ఏందమ్మా, స్టవ్ బంద్ చేసినవ్? బియ్యం ఉడకలే" అంది మా ఇంట్లో పనిచేసే యాదమ్మ.

"జర ఆగు. విమానం చప్పుడు వినాలి."

కాసేపటికి శంషాబాద్‌లో దిగే ప్రయాణికుల విమానం ఒకటి మా మీదుగా వెళ్లింది.

"అగో, వచ్చింది. ఇగ వెలిగిస్త" అంది యాదమ్మ.

"అది కాదు" అన్నాను.