సెప్పు కాదు, చెప్పు

ఆ సాయంత్రం కూర్మారావు కుడికాలికి తన చెప్పూ, ఎడమకాలికి మేనేజరు మూర్తిగారి చెప్పూ వేసుకుని ఆఫీసు నుంచి ఇంటికి నడిచివచ్చాడు. దారిలో ఎవరూ ఆపలేదు. గుమ్మంలో భార్య వరహాలమ్మ ఆపింది.

“ఏటండీ, ఆ ఎడంకాలి సెప్పు మీది కాదు.”

“సెప్పు కాదే, చెప్పు,” అన్నాడు కూర్మారావు. అంత దిగులులోనూ దిద్దకుండా ఉండలేకపోయాడు.

దిద్దడం అతనికి మాచ్‌ఖండ్‌ కరెంటు ప్రాజెక్టులో అంటుకున్న జబ్బు. ఉద్యోగంలో చేరిన కొత్తలో “సిన్న పనే సారూ” అన్నందుకు అక్కడి గుమాస్తాలు ఏడాదిపాటు అతన్ని ‘సిన్నపని’ అనే పిలిచారు. అప్పట్నుంచి నాలుక తోముకోవడం మొదలుపెట్టాడు. తనది తళతళలాడాక వరహాలమ్మది పట్టుకున్నాడు. ఆవిడ లేడీస్ క్లబ్బులో నోరు విప్పడం మానేసింది.

తరవాత కోరాపుట్ కొండల్లోని ఫ్యాక్టరీకి మారాడు. ఎనభై ఏడులో అక్కడికి కంప్యూటర్ వచ్చింది. చెప్పులు బయట విడిచి వెళ్లాల్సిన చల్లగది. దానికి పూజారి కూర్మారావు. పనివాళ్లలో ఎవరికి ఏ క్వార్టరో అంతా అందులోకి ఎక్కించి, ఇంకెవరూ వేలు పెట్టకుండా ఒక రహస్యపు మాటతో తాళం వేశాడు. “ఇంక కాగితాలెందుకండీ!” అంటూ చిత్తుప్రతులు చింపేశాడు కూడా. ఆ తాళం మాట కూతురి ముద్దుపేరే. మరిచిపోయే ప్రశ్నే లేదు.

తీరా ఇవాళ తెరవబోతే, ఇంగ్లీషు అక్షరాల్లో ‘చిన్నమ్మి’ అని కొడితే, మిషను కాదంది. పెద్దక్షరాల్లో కొట్టాడు. ఒక అక్షరం తీసి కొట్టాడు. దణ్ణం పెట్టి కొట్టాడు. ఊహూఁ.

బయటికొస్తే వరండా ఊడుస్తున్న గున్నమ్మ చీపురు ఆపింది. “బాబూ, నా ఇంటి కాయితం ఎప్పుడిస్తారు? వానొస్తే పాకలో మంచం ఏసే సోటు లేదు.”

“మిషను పాడైంది గున్నమ్మా,” అన్నాడు. అబద్ధమాడిన మొహం ఆమెకు కనపడకుండా వంగి, అందిన చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

ఇంట్లో కంచం ముందు కూర్చోగానే వాన అందుకుంది. గున్నమ్మ మంచం ఈపాటికి ఏ మూలకు జరిగిందో! వాకిట్లో పిల్ల తడుస్తూ గంతులేస్తోంది.

“సిన్నమ్మీ! లోపలికి రాయే!” అని కేకేశాడు.

కేక అతని చెవినే పడింది. వరహాలమ్మ గరిట ఆపి అతనివంక చూసింది. దిద్దలేదు. దిద్దినా బాగుండేదనిపించింది కూర్మారావుకి.

మర్నాడు మూర్తిగారి చెప్పు మూర్తిగారికి అప్పగించి, చల్లగదిలోకి వెళ్లి, ‘చ’ తీసేసి ‘స’ కొట్టాడు. తాళం ఊడింది. ఒంటరిగా కూర్చుని తాళం వేసిన రోజున నాలుక దిద్దుకోవడం మరిచాడన్నమాట.

సంతకమైన కాగితం అందుకుంటూ గున్నమ్మ నిష్ఠూరమాడింది. “ఏటి మిసను బాబూ అది! రేతిరంతా నన్ను తడిపీసింది.”

“మిసను పాడవలేదే గున్నమ్మా, తాళంసెవి నా నోట్లోనే ఎట్టుకుని ఊరంతా ఎతికేను.”