నాట్ల మడిలో గ్రీకు పాఠం

మొన్న భూపాలపల్లి నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసి, సెల్‌ఫోనులో ప్రాచీన గ్రీకు నేర్చుకుంటున్నానని, మొదటి పట్టికే తలకెక్కడం లేదని వాపోతుంటే, నాకు నవ్వుతో పాటు ముప్ఫై ఏళ్ల కిందటి బురద వాసన కూడా వచ్చింది.

నేను జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో, నా స్నేహితురాలి తాత, రిటైరైన పాస్టరు, బైబిలు చదువు కోసం వాడిన తన పాత గ్రీకు వ్యాకరణాన్ని ఎండలో ఆరబెట్టుకుంటుంటే నాకూ నేర్పమని అడిగాను. సొంత మనవలే పారిపోయారు, నువ్వేం నిలుస్తావన్నట్టు చూశారాయన. నాకు ఆ చూపు చాలు. కాదన్న పని చేసి చూపించందే నాకు అన్నం సహించదని నన్నెరిగిన వాళ్లందరికీ తెలుసు. నామవాచకం ముందు వచ్చే చిన్న మాటకు ఎన్ని రూపాలున్నాయో అన్నీ తెలుగు లిపిలో రాసిచ్చి, శనివారానికి చూడకుండా అప్పజెబితే నేర్పుతాననీ, లేదంటే మళ్లీ ఆ మాట ఎత్తొద్దనీ అన్నారు.

ఆ వారమే రఘునాథపల్లిలో మాకు నాట్లు. కాగితం నడుములో దోపుకుని మడిలో దిగాను. నాట్లలో ఒకరు పాట ఎత్తితే మిగతావాళ్లు అందుకుంటారు కదా, ఆ పాట ఆగినప్పుడల్లా నేను "హొ, తూ, తో, తొన్" అని గొణుక్కుంటుంటే, పక్కనే నాటుతున్న చిన్నమ్మ నడుమెత్తి చూసింది.

"ఎవల్ని తిడుతున్నవే గట్ల?"

"తిట్టుడు గాదు చిన్నమ్మా, సదువు."

"సదువైతే గట్టిగ సదువు. గొణుగుతే నారు వంకర వోతది."

ఇంకేముంది, నేను ఎత్తడం, వాళ్లు అందుకోవడం. మూడు రోజుల్లో మడంతా గ్రీకే.

తీరా శనివారం తాత ముందు కుర్చీలో కూర్చుంటే ఒక్క రూపమూ నోటికి రాలేదు. ఆయన పుస్తకం మూశారు. నాకు రోషం వచ్చి లేచి, ఓణీ నడుముకు చెక్కి, వంగి, వాళ్ల గచ్చు మీద వెనక్కి అడుగులేస్తూ నాటడం మొదలుపెట్టాను, చేతిలో నారున్నట్టే, ఒక్కో రూపానికి ఒక్కో మొక్క చొప్పున. వీపు గోడకు తగిలేసరికి పట్టిక అయిపోయింది.

తాత మూసిన పుస్తకం మళ్లీ తెరిచారు. "నేను బెత్తం దెబ్బలు తిని నేర్సిన, బిడ్డా," అన్నారు. "రేపట్నుంచి రా. జర నిలబడి సదువు."

పెళ్లయి మహబూబాబాద్ వచ్చేదాకా రెండేళ్లు ఆయన దగ్గర చదువుకున్నాను. ఇప్పుడు తాత లేరు, చిన్నమ్మా లేదు. మా మడిలో యంత్రం నాటుతోంది. దానికి పాట అక్కరలేదు, ఎవరిని తిడుతున్నావని అడిగే ధ్యాసా లేదు.

ఇదంతా చెప్పి, వంగి నాటుతూ చదవమంటే, గట్లెవరన్న సదువుతరా అత్తమ్మా అని నాతో వాదించి ఫోన్ పెట్టేసింది మా మేనకోడలు. వాదనలో నా పోలికే. సాయంత్రం మళ్లీ చేసి, ఆయాసపడుతూనే చివరి రూపం దాకా అప్పజెప్పింది, ఏనాడూ మడిలో కాలు పెట్టని పిల్ల. ఇవతల ఫోను చెవికి ఆనించుకున్న నేను, ఎప్పటి నుంచో తెలియదు, ఒక్కో మాటా అందుకుంటూనే ఉన్నాను.