మూడో శిఖరం

చంద్రపూర్‌లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే జ్యోతిలక్ష్మిది రాజురా పక్కన పత్తి పండించే కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ముప్పై ఎనిమిదేళ్లొచ్చేసరికి ఆమె పీహెచ్‌డీ ఒకే ఒక్క ప్రయోగం దగ్గర ఇరుక్కుపోయింది.

చెప్పడానికి తేలికే. ఒక బలమైన లేజర్ కాంతినీ, సందేశాన్ని మోసే ఇంకో బలహీనమైన కాంతినీ ఒకే గాజుతీగలోకి పంపాలి. ఆ తాకిడికి తీగలో మూడో కాంతి పుడుతుంది. సందేశం దానిలోకి మారిపోతుంది, మధ్యలో కరెంటుగా మార్చే పని లేకుండానే. కాంతిని కొలిచే యంత్రం తెర మీద ఒక్కో కాంతి ఒక్కో శిఖరంలా కనిపిస్తుంది; రెండు శిఖరాల పక్కన మూడోది లేస్తే గెలిచినట్టు. అది పది నెలలుగా ఒక పూట లేచి మరో పూట మాయమవుతోంది. లెక్కలన్నీ మూడుసార్లు తిరగేసింది. తనకు చేతకాదేమోనన్న బెంగ పట్టుకుంది. గడువు జూన్‌తో సరి. వేరే విషయం చూసుకోమని నాగపూర్ గైడు మెత్తగా చెప్పాడు.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. లేజర్లు, తెర బ్యాటరీ మీద నడుస్తున్నాయి. ముప్పై ఏళ్లుగా ల్యాబు చూసుకునే పోశన్న చెమట తుడుచుకుంటూ తెర వంక చూశాడు.

"మేడం, పంఖా బందైంది సూడుండ్రి, గా మూడోది గూడ కదుల్తలేదు."

ఆమె తలెత్తి పంకాను, తర్వాత బల్ల అంచున వేలాడుతున్న పసుపుపచ్చ గాజుతీగను చూసింది. తీగ మెలిపడితే అందులో కాంతి ఊగే దిక్కు మారుతుంది. రెండు కాంతులూ ఒకే దిక్కున ఊగకపోతే మూడోది పుట్టదు. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన మాటే. గాలికి తన తీగే ఊగుతోందని మాత్రం తోచలేదు.

ఇద్దరూ కలిసి తీగను బల్లకు టేపుతో అంటించారు. కాంతి ఊగే దిక్కును సరిచేసే పలకలను ఆమె మెల్లగా తిప్పింది. శిఖరం ఇంకా ఎత్తుకు లేచింది. కరెంటు వచ్చింది, పంకా తిరిగింది. శిఖరం చెక్కు చెదరలేదు.

జ్యోతిలక్ష్మి స్టూలు మీద కూలబడింది. లెక్క తప్పు కాదు, తన చదువూ తప్పు కాదు.

"అయినట్టేనా మేడం?"

"అయినట్టే కాకా. ఇగ రాసుడే మిగిలింది."

ఫోను చేసి చెబితే, శిఖరం గంటసేపు కదలకుండా ఉంటే ఆ కొలతలు పంపమన్నాడు గైడు. రెండు గంటలు చూసి పంపింది. జవాబు ఒక్క ముక్క: రాయండి.

ఆ సాయంత్రం ఇంటికెళ్లే రాజురా బస్సు వర్ధా నది వంతెన ఎక్కకముందే ఆమెకు నిద్ర పట్టేసింది. స్టాండులో కండక్టరు లేపాల్సి వచ్చింది.